చార్జింగ్ ఎక్కని బస్సు

మా ఆయన్ని ఊరంతా డైనమో అంటారు. ఆ పేరు పెట్టింది మా అన్నయ్యే. చెడిపోయిన డైనమోని చెవి దగ్గర పెట్టుకుని చేత్తో నాలుగు చుట్లు తిప్పితే చాలు, లోపల ఏది అరిగిందో మా ఆయన చెప్పేసేవారు. అది చూసి మురిసిపోయి, బస్సు బాగుచేయించుకోవడానికి వెళ్ళిన మా అన్నయ్య చెల్లెలికి సంబంధం కూడా ఖాయం చేసుకుని వచ్చాడు. ఆ చెల్లెల్ని నేనే. నన్నొక మాట అడగాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

మా ఇంటి ముందు గదే మా ఆయన షెడ్డు. వంటింట్లో పోపు వేసినా యాసిడ్ వాసనే ముందు వస్తుంది. చిల్లులు పడని బట్టల జత నాకొక్కటీ లేదు. బల్ల మీద పాత బ్యాటరీలు, రాగి తీగల చుట్టలు, కరెంటు వస్తోందో లేదో చూడటానికి రెండు తీగలు వేలాడే టెస్టు బల్బు. ఆ బల్బు పట్టుకుంటే ఆయనకి ఆకలి కూడా గుర్తుండదు. ఎవరి బండిలో కరెంటు పోయినా "డైనమో దగ్గరికి తోసుకెళ్ళు" అనేవాళ్ళు. ఆయనకి ఉన్న ఆస్తి ఆ మాటే.

అన్నయ్యకి ఉన్న ఆస్తి బస్సు. నాన్న కొన్నది, ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు బస్సు. అలాంటిది మా దారిలో ఇంకొకటి లేదు. అన్నయ్య పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "బస్సు ఒప్పుకోవట్లేదు" అనేవాడు. జేబులో ఎప్పుడూ గాయాలకి వేసే తెల్ల ప్లాస్టరు చుట్ట ఉండేది. కళ్ళజోడు విరిగినా, అద్దం వదులైనా, సీటు చిరిగినా వాడికి తెలిసిన వైద్యం అదొక్కటే. ప్లాస్టరు చుట్టి, చివర రెండుసార్లు మెలిపెట్టి నొక్కేవాడు.

"రేపు నీ గుండె ఆగినా దాని మీదా ఓ ముక్క అంటిస్తావేమోరా అన్నయ్యా" అనేదాన్ని.

"అంటించి చూద్దాం. పనిచేస్తే నీకే లాభం" అనేవాడు.

బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించే ఆ బస్సు డైనమో పూర్తిగా అరిగిపోయి, భాగాలు ఎక్కడా దొరక్కపోతే, దాని స్థానంలో మా ఆయన అదే పని చేసే ఈ కాలపు ఆల్టర్నేటర్ బిగించారు. కొన్నేళ్ళు ఏ గొడవా లేదు. ఆ తర్వాత ఒక ఏడాది, సర్కారు ఆఫీసుకి తీసుకెళ్ళి బండి తనిఖీ చేయించిన కొన్నాళ్ళకి, బస్సు పొద్దున్నే లేవడం మానేసింది. తాళం తిప్పితే ఒక్క మూలుగు, అంతే. ప్రయాణికులు దిగి తోయాలి. "ముందు టికెట్టు, తర్వాత తోపుడు" అని నవ్వేవాళ్ళు మొదట్లో. తర్వాత నవ్వడం మానేశారు.

మా ఆయన బ్యాటరీ మార్చారు. బెల్టు మార్చారు. అడుగున తీగలన్నీ విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించారు. ఆల్టర్నేటర్‌ని ఊడదీసి షెడ్డులో బల్ల మీద తిప్పితే బంగారంలా పనిచేసింది. బస్సుకి బిగిస్తే మళ్ళీ మొదటికొచ్చింది. పెద్ద రోడ్డు మీద గట్టిగా తోలినప్పుడు చార్జింగ్ ఎక్కుతుంది, ఊళ్ళో నెమ్మదిగా తిరిగితే ఎక్కదు. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది.

డ్యాష్‌బోర్డు మీద చార్జింగ్‌కి ఒక ఎర్ర దీపం ఉంటుంది. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజిన్ లేవగానే ఆరిపోవాలి. అలా జరిగితే లోపల అంతా బాగున్నట్టు లెక్క. ఈ బస్సులో అది సరిగ్గా అలాగే వెలిగేది, అలాగే ఆరేది.

"దీపం బాగానే ఉందే" అని ఆయన అన్నం ముందు కూర్చుని కూడా అనుకునేవారు. ఒకరోజు ఆ అన్నం దగ్గరే అన్నయ్యని అడిగారు. "బావా, నువ్వేమైనా వైర్లు కదిపావా?"

"ఛ! నీ పనితో నాకేంటి బావా?" అన్నాడు అన్నయ్య, కంచంలోంచి తల ఎత్తకుండా.

ఆయన ఇంకేం అడగలేదు. అన్నయ్య మాట అంటే ఆయనకి అంత నమ్మకం.

మెల్లగా మాట పాకింది. బావ బస్సే బాగుచేయలేని వాడు మన బండి ఏం చేస్తాడు అన్నారట. షెడ్డు ముందు బళ్ళు తగ్గాయి. ఆయన కళ్ళద్దాలు మార్పించుకున్నారు. టెస్టు బల్బు పట్టుకుని తన వేళ్ళనే తిప్పి తిప్పి చూసుకునేవారు. చూడలేక నేను ఊరికే కసిరేదాన్ని.

ఒక సాయంత్రం జోరువానలో, బస్సు నిండా జనం ఉండగా, ముందు లైట్లు మసకబారి ఆరిపోయాయి. అద్దం తుడిచే పుల్ల కూడా ఆగిపోయింది. అన్నయ్య ఎలాగో పక్కకి ఆపాడు. జనం పిల్లల్ని చంకనేసుకుని వానలో నడిచి వెళ్ళారు. మర్నాడు బస్సు కోసం ఒక్కరూ నిలబడలేదు.

అన్నయ్య బస్సుని తోయించుకుంటూ మా గుమ్మం ముందుకి తెచ్చాడు. "చివరిసారి చూడు బావా. నువ్వు ఏమంటే అది" అన్నాడు.

పొద్దుటి నుంచి చీకటి పడేదాకా చూశారు. ఆఖరికి బస్సు మెట్టు మీద కూలబడి, "నా వల్ల కావట్లేదు బావా. అమ్మేసెయ్" అన్నారు. ఆ మాట ఆ నోటి వెంట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అన్నయ్య బస్సుని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాడు.

ఆ ఇనుమువాడు బస్సుని ముక్కలు కోశాక, అన్నయ్యకి గుర్తుగా ఉంటుందని డ్యాష్‌బోర్డు పక్కన పెట్టాడు. వెళ్ళి తెచ్చుకోవడానికి అన్నయ్యకి మనసు రాలేదు. మా ఆయన తెచ్చి, బల్ల మీద బోర్లించి, దుమ్ము దులుపుతూ ఒక్కసారిగా ఆగిపోయారు. నన్ను కేకేశారు.

ఎర్ర దీపం నుంచి ఆల్టర్నేటర్‌కి వెళ్ళే తీగని ఎవరో తెంపి, పక్కనున్న ఇంజిన్ ఆయిల్ దీపం తీగకి కలిపారు. రెండూ కలిసి వెలుగుతాయి, కలిసి ఆరిపోతాయి. ఆ అతుకు చుట్టూ తెల్ల ప్లాస్టరు. చివర రెండు మెలికలు.

"తనిఖీ అప్పుడు ఈ దీపం ఆరకుండా మసగ్గా వెలుగుతూ ఉండుంటుంది. ఆఫీసరు బండి తిప్పి పంపేస్తాడని భయపడి మీ అన్నయ్య ఇలా చేశాడు" అన్నారు ఆయన. "డైనమో ఉన్న రోజుల్లో ఈ బల్బు ఉన్నా లేకపోయినా చార్జింగ్ ఎక్కేది. ఇప్పుడలా కాదు. ఈ దీపం లోంచి కాస్త కరెంటు వెళ్తేనే ఆల్టర్నేటర్ నిద్ర లేస్తుంది, లేదంటే బండి గట్టిగా పరిగెత్తాలి. పాపం, అది వాడికి తెలీదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పాపమా? మీరడిగితే మొహం మీద అబద్ధం చెప్పాడు! ఇప్పుడే వెళ్ళి కడిగేస్తాను!"

"కూర్చో. నేను మాత్రం ఏం చేశాను? ఈ తీగ రెండో కొసకి టెస్టు బల్బు పెట్టుంటే అప్పుడే దొరికేది. దీపం వెలుగుతోంది కదా అని వదిలేశాను. నాన్న బస్సుని తన చేత్తోనే చంపుకున్నానని తెలిస్తే వాడు ఉంటాడా? నాకు పని చేతకాలేదనుకోనీ. నాకు నువ్వున్నావు. వాడికి ఎవరున్నారు?"

నేను ఏడ్చాను. ఆయన ఆ ప్లాస్టరు ఊడదీసి, తీగలు విడదీసి, ఏ దీపం తీగ ఆ దీపానికి అతికారు.

అన్నయ్య ఇప్పుడు ఎవరిదో సరుకుల బండి తోలుతున్నాడు. మొన్న వచ్చాడు. డ్యాష్‌బోర్డుని వాడి ఇంటి ముందు గది గోడకి బిగిద్దామని ముగ్గురం వెళ్ళాం. మా ఆయన దానికి చిన్న బ్యాటరీ తగిలించి తాళం తిప్పితే ఎర్ర దీపం వెలిగింది. అన్నయ్య దాన్ని చాలాసేపు చూశాడు.

"చూశావా, దీనికేం రోగం లేదు" అన్నాడు.

మా ఆయన చివరి స్క్రూ బిగిస్తుంటే చెయ్యి జారి వేలు తెగింది. అన్నయ్య గబుక్కున ఆ చెయ్యి అందుకున్నాడు. జేబులోంచి తెల్ల ప్లాస్టరు తీసి, వేలికి చుట్టి, చివర రెండుసార్లు మెలిపెట్టి నొక్కాడు.

"చేతులు చూడు ఎలా వణుకుతున్నాయో. నీ మీద నాకేం కోపం లేదులే బావా. వయసైపోయింది, నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అన్నాడు.

"అవును బావా" అన్నారు మా ఆయన, నా వైపు చూస్తూ.

నేను మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను.