గీత పడని విమానం

2023 వేసవి. కొత్తపేట బస్టాండు వెనక సందులో నా షాపు. బయట బోర్డు మీద పెళ్ళి డెకరేషన్లు అని రాసి ఉంటుంది గానీ, లోపల గోడకి వేలాడేవాటిలో సగం విమానాలే. రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ విమానాలు నేను చేస్తాను, దెబ్బతిన్నవి బాగు చేస్తాను.

ఈ పనిలోకి థర్మాకోల్ మీదుగా వచ్చాను. కరెంటుతో వేడెక్కే సన్నని తీగను హాట్ వైర్ అంటారు. దాని కింద ఫోమ్ జున్నుముక్కలా తెగుతుంది. పెళ్ళివారి పేర్లు ఎవరో కాగితం మీద గీసిస్తే ఆ గీత వెంట కోసేదాన్ని. కోసింది ఏ అక్షరమో నాకు తెలిసేది కాదు. నలభై దాటాక రాత్రి బడికి వెళ్ళి నేర్చుకున్నాను. అదే తీగతో విమానం రెక్కలు కోసిపెడతారా అని ఒకాయన అడగడంతో ఇది మొదలైంది.

మా వైపు ఎగరేసేవాళ్ళకి ఇష్టమైన ఆట కంబాట్. ప్రతి విమానం వెనక ఒక పొడవాటి కాగితం రిబ్బన్ కడతారు. ఎదుటివాళ్ళ రిబ్బన్‌ని మన విమానం ఫ్యానుతోనో రెక్కతోనో తెంపాలి, మనది కాపాడుకోవాలి. గాల్లో గుద్దుకోవడం మామూలే. అందుకని ఈ ఆటకి విమానాన్ని ఎంచుకునేటప్పుడు అందం చూడకూడదు, దెబ్బకి తట్టుకుంటుందా లేదా అన్నదే చూడాలి.

ఆ వేసవిలో మురమళ్ళ నుంచి వీర్రాజు గారు వచ్చారు. మస్కట్‌లో చాలా ఏళ్ళు క్రేను నడిపిన మనిషి. అక్కడే ఇనుపతాడులో పడి కుడిచేతి బొటనవేలు పోయింది. అంతకుముందు సెలవులకి వచ్చినప్పుడల్లా కంబాట్‌లో ఆయనదే పైచేయి అని అందరూ చెప్పుకునేవారు. వెంట ఆయన బావమరిది శ్రీను ఉన్నాడు. అతనూ ఎగరేస్తాడు.

“నా పాతదాని లాంటిదే కావాలండీ. తోకా అదీ ఉన్నది,” అన్నారు వీర్రాజు గారు.

“తోక మొదటి గుద్దుకే ఊడిపోద్దండీ. దాన్ని నడపడానికి రెండు చేతులూ గట్టిగా కావాలి. తోక లేకుండా ఒట్టి రెక్క చేసివ్వనా?”

దాన్ని ఫ్లయింగ్ వింగ్ అంటారు. విమానమంతా ఒకటే వెడల్పాటి రెక్క. వెనక అంచున కదిలే రెండు పలకలే దాన్ని పైకీ కిందికీ పక్కలకీ తిప్పుతాయి. రిమోట్ మీద బొటనవేళ్ళతో తిప్పే పుల్లలు రెండుంటాయి. ఆ కదలికలన్నీ ఎడమ పుల్లకి ఇచ్చేయవచ్చు. కుడి పుల్లకి మోటారు వేగం ఒక్కటే మిగులుతుంది. దాన్ని చూపుడువేలితో తోసుకోవచ్చు.

ఇదంతా విని శ్రీను నవ్వాడు. “ఎడం చెయ్యా? అన్నానికి కూడా పనికిరాని చెయ్యి గదా బావా అది!”

“అన్నం కలిపి పెట్టడానికి మీ అక్క ఉందిలేరా. ఇమానం మీ అక్క ఎగరేయదుగా,” అన్నారాయన.

వెళ్ళేటప్పుడు శ్రీను వెనక్కి తగ్గి నాతో మెల్లిగా చెప్పాడు. “అక్కగారూ, రెక్క కాస్త మందంగా కొయ్యండి. నెమ్మదిగా ఎగిరేలాగ.”

మందపు రెక్క నిదానంగా, నిలకడగా ఎగురుతుంది. పల్చటి రెక్క చురుకు, వేగం ఎక్కువ, చెయ్యి తడబడితే ఊరుకోదు. రెండూ కోసి ఉంచాను. వారం తర్వాత వీర్రాజు గారు వచ్చి రెండిటినీ తడిమి చూశారు.

“ఈ మందపుది కొయ్యమన్నది మావోడేనా అండీ?”

నేను నవ్వి, రెండూ ఆయన ముందుకి జరిపాను. ఆయన పల్చటిదే తీసుకున్నారు.

నేను వాడేది ఈపీపీ అనే ఫోమ్. థర్మాకోల్‌లా పుటుక్కున విరగదు, నలిగి ఊరుకుంటుంది. లోపల కార్బన్ కడ్డీ పెట్టి, పైన నారటేపు వేశాను. కొందరు మోటారు వెనక పెడతారు గానీ, రిబ్బన్ కట్టేది వెనకే కాబట్టి నేను ముందు పెడతాను. ఫ్యాన్‌ని రబ్బరు బ్యాండుతో పట్టిస్తే నేలకి తగిలినా పక్కకి ఒరుగుతుంది, విరగదు. ఆఖరున ముందూ వెనకా బరువు సమంగా ఉందో లేదో చూడాలి. వీర్రాజు గారు ఎడమచేతి వేళ్ళ మీద రెక్కని నిలబెట్టి, “బ్యాటరీ ఇంకాస్త ముందుకి జరపండి. ఆయ్, అక్కడ,” అన్నారు. రెక్క త్రాసులా నిలిచింది. క్రేను నడిపిన చెయ్యి గదా అనుకున్నాను.

తర్వాత ఆయన నేర్చుకోవడం మొదలైంది. కొత్త పని పట్టిన పెద్ద వయసు చెయ్యి ఎంత మొండికేస్తుందో నాకు తెలుసు. పలక మీద నా ‘ఖ’ ఎన్నాళ్ళో పక్కకి ఒరిగిపోయేది. వీర్రాజు గారి విమానం కూడా అలాగే ఒరిగి పొలాల్లో పడేది, కొబ్బరిచెట్ల మీద పడేది. “కాయలకంటే మీ ఇమానాలే ఎక్కువ దింపుతున్నానండీ,” అన్నాడట కొబ్బరి దింపు తీసే మనిషి. నలిగిన ముక్కుతో ఆయన షాపుకి వస్తే, దాని మీద వేణ్ణీళ్ళు పోసేదాన్ని. ఈపీపీ వేడికి మళ్ళీ పొంగి రూపానికొస్తుంది. ఒక్కసారి కూడా ఆయన విసుక్కోగా చూడలేదు. బాగయ్యేదాకా కూర్చుని, ఉత్తి రిమోట్ పట్టుకుని ఎడమ బొటనవేలిని తిప్పుకునేవారు.

జొన్నాడ దగ్గర గోదావరి ఇసుకలో ఒక ఆదివారం పోటీ పెట్టుకున్నారు. మర్నాడు విమానాలు బాగుకి వచ్చాయి. శ్రీనుది ముక్కు చీలింది, ఇంకొకాయనది అంచు తెగింది. వీర్రాజు గారే నెగ్గారని వాళ్ళే చెప్పారు. సాయంత్రం ఆయన వచ్చారు.

“నెగ్గేరటగా, మిఠాయి ఏదండీ?”

“నెగ్గలేదండీ. నెగ్గించేరు.”

విమానం బల్ల మీద పెట్టారు. తిప్పి చూశాను. ఎక్కడా గీత లేదు. రిబ్బన్ కట్టింది కట్టినట్టే ఉంది. కంబాట్ నుంచి అంత శుభ్రంగా తిరిగొచ్చిన రెక్కని నేను అంతవరకూ చూడలేదు.

“ఒక్కడూ నా ఎనకాల పడలేదండీ. ఎదురొచ్చినోడు కూడా తప్పుకున్నాడు. వేలు పోయిందనే అనుకున్నాను. ఆటలోంచి నేనే పోయేనని నిన్న తెలిసింది.”

“అయితే మానేస్తారా?”

“మానతానేటండీ! వచ్చే ఆదివారం మళ్ళీ ఉంది. మీరూ వచ్చి చూడండి.”

సాధారణంగా నేను మైదానానికి వెళ్ళను. ఆ రోజు వెళ్ళాను. వీర్రాజు గారు మిగతావాళ్ళ జోలికే పోలేదు. శ్రీను విమానం ఎటు తిరిగితే అటు తిరిగి, దాని రిబ్బన్‌ని ముక్కముక్కగా తెంపారు. జానెడు మిగిలాక, తన విమానాన్ని శ్రీను ముందుకే తెచ్చి, రిబ్బన్ ఆడిస్తూ తిప్పసాగారు.

ఇసుకలో అందరూ నవ్వుతున్నారు. “ఏరా శ్రీనూ, జడ కత్తిరించేశాడే మీ బావ!” అన్నారెవరో.

శ్రీను మొహం ఎర్రబడింది. “బావా, ఇంకోసారి నా ముందుకొచ్చేవంటే నరికేస్తాను!”

“అదే గదరా నేనడిగేది!”

శ్రీను వేగం పెంచాడు. వీర్రాజు గారి రిబ్బన్ సగానికి తెగి గాల్లో తేలిపోయింది. ఆయన గిర్రున వెనక్కి తిరిగారు, శ్రీను తప్పుకోలేదు. రెండూ గుద్దుకుని ఇసుకలో పడ్డాయి. శ్రీను తన విమానాన్ని వదిలేసి బావ విమానం దగ్గరికి పరిగెత్తాడు. రెక్క అంచున లోతుగా గాటు పడి ఉంది.

“పాడైపోయింది బావా,” అన్నాడు భయంగా.

వీర్రాజు గారు ఆ గాటుని వేలితో తడిమి పకపకా నవ్వారు. “నీ ఫ్యానుకి పదును బానే ఉందిరా,” అన్నారు.

ఇప్పుడు నా దగ్గరికి కొత్తగా ఎవరైనా వస్తే, వాళ్ళ గురించి పక్కవాళ్ళు ఏం చెప్పినా, వాళ్ళ చేతికే రెక్క ఇచ్చి ఎలాంటిది కావాలో అడుగుతున్నాను. ఆ వేసవిలో ఇంకోటి కూడా తెలిసింది. ఎవరి విమానం నా బల్ల మీదకి ఎక్కువసార్లు వస్తుందో, ఆ మనిషికి మైదానంలో అంత గౌరవం ఉన్నట్టు. ఈ మధ్య వారం తప్పకుండా వస్తున్నది వీర్రాజు గారిదే. మొన్న కూడా రెండు గాట్లతో, నలిగిన ముక్కుతో తెచ్చారు. పొయ్యి మీద నీళ్ళు పెడుతూ అడిగాను.

“ఈసారి ఎవరండీ?”

“అందరూనండీ,” అన్నారు.