బంతి ఎటెళ్ళిందిరా

మా డ్రిల్లు మాస్టారు పోయారని కబురు వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో, లారీ నుంచి దిగుతున్న గోనెల మధ్య నిలబడి ఉన్నాను. పొద్దున్న పదిన్నర. ఫోన్ చేసింది ఆయన కూతురు, పెదవేగి నుంచి. భీమడోలులో బస్సు దిగి రోడ్డు దాటుతుంటే ఎడమ పక్క నుంచి మోటార్‌సైకిల్ వచ్చి గుద్దిందట. ఏలూరు ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. "నాన్నగారు అసలు అటు చూడనే లేదంటండి" అంది. ఆ మాటకి ఉల్లిపాయల గోనె మీద కూలబడ్డాను. గురువుగారు పోయిన బాధ అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. అదొక్కటే కాదు.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా స్కూలు పాత విద్యార్థులు అడిగారు. నాలుగేమిటి, నలభై రాయగలను. కానీ మంచి మాటలు చెప్పబట్టే ఆయన్ని పోగొట్టుకున్నాను. అందుకని ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివాక నన్ను ఏమన్నా సరే, పడతాను.

మాస్టారు మా స్కూలుకి రాకముందు సైన్యంలో పనిచేశారు. ఎక్కడో ఉత్తరాదిన, ఆఫీసర్లు గోల్ఫ్ ఆడుకునే మైదానంలో గడ్డి చూసుకునే పని చాలాకాలం ఆయనదేనట. వాళ్ళు కొడుతుంటే చూసి చూసి నేర్చుకున్నారు. వచ్చేసేటప్పుడు ఒక ఆఫీసరు రెండు పాత కర్రలు, ఒక సంచీడు బంతులు ఇచ్చి పంపాడు. అవి పట్టుకుని రోజూ పొద్దున్నే మా ఊరి పాత రన్‌వే పక్క బీడులోకి వెళ్ళేవారు. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన ఆ రన్‌వే మీద ఇప్పుడు నడకకి వచ్చేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. వాళ్ళు ఈయన్ని చూసి, మాస్టారు పొద్దున్నే పాముల్ని కొడుతున్నారని నవ్వుకునేవారు. నేనూ నవ్వినవాణ్ణే.

పదకొండేళ్ళ క్రితం నాకు బీపీ వచ్చింది. కొట్లో కూర్చుంటే అరుపులు, ఇంటికెళ్తే అరుపులు. సరుకు దిగకముందే అమ్ముడుపోయిందా అని అడిగే రకం నేను. డాక్టరు నడవమంటే రన్‌వేకి వెళ్ళాను. మాస్టారు నన్ను చూసి, ఒరే, నడుస్తూ కూడా ఫోన్లో అరుస్తున్నావు, ఇలా వచ్చి నిలబడు అని కర్ర చేతికిచ్చారు.

పదిరోజులు బంతి ఇవ్వలేదు. గడ్డి చూడమన్నారు. తర్వాత బంతి పెట్టి, దాన్నంతా చూడొద్దన్నారు. దాని మీద చిన్న చిన్న గుంటలుంటాయి కదా, వెనక వైపు ఒక్క గుంట ఎంచుకుని దాన్నే చూడమన్నారు. మరి మనసు ఎక్కడ పెట్టాలండీ అని అడిగితే, "మనసుకి ఒక్క పనే చెప్పరా. రెండు చెప్తే రెండూ చెయ్యదు" అన్నారు. నాకు చెప్పిన ఒక్క పని, కర్ర దిగేటప్పుడు ఊపిరి వదలడం. చేతులు ఎలా ఉన్నాయి, నడుం తిరిగిందా, బంతి ఎంత దూరం పోతుంది, ఇవేవీ ఆలోచించకూడదు. కొట్టాక కూడా తల ఎత్తకూడదు. బంతి ఉన్న చోటే చూస్తుండాలి. అక్కడ నలిగిన గడ్డి మళ్ళీ లేచేదాకా చూడాలి.

నా జబ్బంతా అక్కడే ఉంది. కర్ర బంతికి తగలకముందే నా తల లేచిపోయేది, ఎక్కడ పడుతుందో చూద్దామని. తల లేస్తే భుజం లేస్తుంది, కర్ర బంతి నెత్తి మీద తగిలి, అది పది అడుగులు దొర్లి ఆగిపోతుంది. దానికి ఆయన ఒక పద్ధతి పెట్టారు. ఇద్దరు లేనిదే ఆట లేదు. ఒకడు కొడతాడు, ఒకడు వెనక నిలబడి చూస్తాడు. కొట్టినవాడు తల దించుకునే ఉండి "ఎటెళ్ళింది?" అని అడగాలి. చూసినవాడు చెప్పాకే తల ఎత్తాలి. ఎడమన కరెంటు స్తంభం, కుడిన మురుగుకాలవ, ఎదురుగా దూరంగా తుమ్మచెట్టు. ఈ మూడు గుర్తులతోనే మా లెక్కంతా.

చూసినవాడిగా ఆయన దయాదాక్షిణ్యం లేని మనిషి. పదకొండేళ్ళలో ఒక్క అబద్ధపు మెచ్చుకోలు వినలేదు నేను. "కాలవలో పడింది. దిగి తెచ్చుకో" అనేవారు. మా ఆవిడ ఒకసారి చూడటానికి వస్తే ఆమె ముందు కూడా అదే మాట. నాకు కోపం వచ్చి రెండు రోజులు వెళ్ళలేదు. మూడో రోజు కొట్టుకి వచ్చి కూర్చుని నెమ్మదిగా చెప్పారు. "కొట్టినవాడు తల దించుకుని నీ మాట కోసం నిలబడ్డాడురా. వాడి కళ్ళు నీ దగ్గరున్నాయి. ఎలా అబద్ధం చెప్తావు?" తర్వాత మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

ఒకసారి మండవల్లిలో పెళ్ళికి కలిసి వెళ్ళాం. తిరిగొస్తూ కొల్లేటి గట్టు మీద కారు ఆపించారు. దోనెలో నిలబడి ఒకాయన వల విసురుతున్నాడు. మాస్టారు ఎండలో గంటసేపు కదల్లేదు. వల గాల్లో విచ్చుకుంటే నేను వల చూశాను, ఆయన మనిషిని చూశారు. వల చేతిలోంచి పోయినా అతని చూపు నీళ్ళ మీద ఎంచుకున్న చోటే ఉందట. కారెక్కాక కూడా అదే చెబుతూ వచ్చారు, కైకలూరు దాటేదాకా. పెళ్ళి పట్టుచొక్కా చెమటకి తడిసిపోయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

కిందటి సంవత్సరం ఆయన తెల్ల బంతులన్నిటికీ నారింజ రంగు పూశారు. గడ్డిలో వెతకడం తేలికవుతుందన్నారు. నమ్మాను. టీ గ్లాసు పక్కన పెడుతూ పెడుతూ నేల మీద ఒలకబోశారు. పిలిస్తే మొత్తం మనిషి తిరిగేవారు, మెడ ఒక్కటే తిప్పేవారు కాదు. ఒక్క గోనె తడిమి లోపల కుళ్ళింది ఎన్నో చెప్పగలను నేను. ఎదురుగా ఉన్న మనిషిని కనిపెట్టలేకపోయాను. లేదు, అదీ అబద్ధమే. కనిపెట్టాను. కనిపెట్టి ఊరుకున్నాను.

దసరా వెళ్ళాక ఒక పొద్దున్న ఆయన కొట్టారు. కర్ర బంతి నెత్తిన రాసుకుపోయింది. అది నా పాత బంతుల్లాగే దొర్లి ఆగింది. మాస్టారు తల దించుకుని ఉన్నారు, పద్ధతి ప్రకారం. నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు గాలికి లేస్తున్నాయి.

"బంతి ఎటెళ్ళిందిరా?"

"తుమ్మచెట్టు దాటిందండి."

నోట్లోంచి వచ్చేసింది. ఆయన తల ఎత్తి తుమ్మచెట్టు వైపు చూసి నవ్వారు. అంతదూరం ఆయనకి కనపడదని అప్పుడు ఖాయంగా తెలిసింది. ఆ నవ్వు నాకు నచ్చింది. ముసలాయన, ఇంకెన్నాళ్ళు ఆడతారు, సంతోషంగా ఉండనీ అనుకున్నాను. ఆ రోజు మొదలు నాలుగు నెలలు అబద్ధాలే చెప్పాను. ఆయన చూడకుండా దగ్గర్లో పడ్డ బంతులు ఏరి సంచిలో వేసేవాణ్ణి. అనుమానం రాకుండా మధ్యలో ఒకటి కరెంటు స్తంభం దగ్గర పడిందనేవాణ్ణి. అంత తెలివి కూడా వాడాను.

పదకొండో రోజు కార్యం అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. నేను కదల్లేక అరుగు మీద కూర్చున్నాను. మాస్టారి భార్య వచ్చి ఎదురుగా పీట వేసుకున్నారు. ఆవిడ ఎప్పుడూ నెమ్మదిగానే మాట్లాడతారు.

"కళ్ళజోళ్ళ షాపాయన రెండు నెలల కిందటే చెప్పాడండి, పక్క చూపు తగ్గింది, పెద్ద డాక్టరుకి చూపించండని. అమ్మాయి ఏలూరులో పేరు కూడా రాయించింది. ఈయన కదిల్తేనా. తుమ్మచెట్టు దాటించేవాడి కళ్ళకి జబ్బేంటి, కావలిస్తే వాణ్ణడగండి అన్నారు. మిమ్మల్ని అడుగుదామనే అనుకున్నానండి. మీ ఇద్దరూ ఆటలో అబద్ధం చెప్పుకోరు కదా అని ఊరుకున్నాను."

అప్పటిదాకా నాకు తెలియదు. ఒట్టు. ఆటలో చెప్పిన మాట ఆటలోనే ఉండిపోతుందనుకున్నాను. అది ఇంటికి వెళ్ళిందనీ, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన మనిషిని ఆపేసిందనీ, భీమడోలు రోడ్డు దాకా వచ్చిందనీ ఎవరు అనుకుంటారు? అనుకోవాల్సింది. ఆయన కళ్ళు నా దగ్గరున్నాయని ఆయనే నాకు చెప్పారు.

చెప్పకుండా లేచి వచ్చేయొచ్చు. ఆవిడకి ఎప్పటికీ తెలియదు. చెప్పులేసుకున్నాను కూడా. మళ్ళీ విప్పి, గోడకి ఆనుకుని, మొదటి నుంచీ చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారే అడిగారు, బంతి నిజంగా ఎంత దూరం పోయేదండీ అని. పది అడుగులు, ఒక్కోసారి అదీ లేదని చెప్పాను.

ఆవిడ పీట మీద చెయ్యి అటూ ఇటూ రాస్తూ కూర్చున్నారు. తర్వాత అన్నారు.

"ఆయనకి చెప్పలేకపోయారు సరే. నాకైనా చెప్పాల్సిందండి."

తిట్టలేదు. తిడితే బాగుండేది. లోపలికెళ్ళి తువ్వాలు చుట్టిన రెండు కర్రలూ, బంతుల సంచీ తెచ్చి నా ముందు పెట్టారు. అవి నాకే ఇవ్వాలని ముందే అనుకున్నారట. తీసుకెళ్ళండి, ఇంట్లో ఉంటే చూడలేను అన్నారు. ఆ తర్వాత తలుపు వేసుకున్నారు. కూతురికి నేను ఇంకా చెప్పలేదు. అమ్మా, ఇది చదువుతుంటే నీకు ఇప్పుడు తెలుస్తుంది. క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

నిన్న పొద్దున్న రన్‌వేకి వెళ్ళాను. కొబ్బరాకుల మోపు నెత్తిన పెట్టుకుని ఎవరో ఆవిడ తుమ్మచెట్టు కింద నుంచి పోతోంది. ఆవిడ దాటేదాకా ఆగి, నారింజ బంతి ఒకటి గడ్డిలో పెట్టాను. వెనక వైపు ఒక్క గుంట ఎంచుకున్నాను. ఊపిరి వదిలాను. పదకొండేళ్ళలో అంత బాగా ఎప్పుడూ తగల్లేదు, చేతులకి తెలిసింది. తల ఎత్తలేదు. బంతి ఉన్న చోటు నలిగి ఉంది. ఒక్కో గడ్డిపోచా నెమ్మదిగా లేచింది, అన్నీ లేచాయి.

"ఎటెళ్ళిందండీ మాస్టారూ?" అని అడిగాను. తల దించుకునే నిలబడ్డాను.