చిలక బొమ్మ వెనుక లింకు

మా కంప్యూటర్ సార్ పోయారని ప్రొద్దుటూరు నుంచి ఫోను వచ్చింది. పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. మీలో చాలామందికి ఆయన తెలియదు. నగల అంగళ్ల మేడ మీద నెట్ సెంటరు నడిపిన మనిషి. ఎమ్మెస్సీ అయ్యాక నేను పని నేర్చుకున్నది అక్కడే.

అవి ఫ్యాక్షన్ రోజులు. పార్టీ మారినవాడు ఊరు కూడా మారాల్సి వచ్చేది. అలా వెళ్లినవాడు ఎక్కడున్నాడని మా వైపు ఇంటివాళ్లను అడగరు. సార్ కూడా అడిగేవారు కాదు. "యాడుండాడో మనకు తెలీకూడదు పాపా. తెలిస్తే ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సొస్తాది," అనేవారు.

పెద్దముడియం వైపు నుంచి ఒకామె ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చేది, అలా ఊరు విడిచిన భర్తతో మాట్లాడటానికి. ఆమెకు చదువు రాదు. అందుకని సార్ ఒక పేజీ చేసి అందులో చిలక బొమ్మ పెట్టారు. దాని వెనుక లింకు మామూలు వెబ్ అడ్రసు కాదు, సార్ సొంతంగా పెట్టుకున్నది. 'పలుకు' అనే మాటతో మొదలయ్యేది. బ్రౌజరుకు అది అర్థం కాదు. ఆ మాట వస్తే ఏ ప్రోగ్రామును లేపాలో విండోస్ రిజిస్ట్రీలో, అంటే కంప్యూటరు తన గుర్తులన్నీ దాచుకునే చిట్టాలో, రాసిపెట్టాలి. అప్పుడు చిలకను నొక్కగానే మాట్లాడే ప్రోగ్రాము లేచి అవతల మోగేది. ఆమె వెళ్లగానే సార్ ఆ ఎంట్రీ తీసేసేవారు. వారం వారం రాయడం, తీయడం. ఈ చాదస్తం ఎందుకని విసుక్కునేదాన్ని. మిషనుకూ తెలీకూడదనేవారు.

ఎన్నికల ముందు ఒక ఆదివారం, ఆమె ఇంకా రాకముందే, ఆమె భర్త వదిలేసిన పార్టీ వాళ్లు ముగ్గురు కింద జీపు ఆపి మెట్లెక్కారు. పెద్దవాడు నేరుగా ఆమె వాడే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చిలకను నొక్కితే వాడు పలుకుతాడంట కదా అన్నాడు. అవతల ఆ మనిషి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎదురుచూస్తుంటాడు. భార్యే అనుకుని ఎక్కడున్నదీ ఒక్క మాట జారితే చాలు.

నొక్కాడు. ఈ రకం లింకు తెలియదని తెర మీద పెట్టె పడింది.

"ఏంది సార్, తెలీదంటాది?"

"దానికి తెలీదప్పా. నేర్పితేనే తెలిసేది."

"అయితే నేర్పు."

సార్ కుర్చీ లాక్కుని, వాళ్ల కళ్ల ముందే రిజిస్ట్రీలో 'పలుకు' రాశారు. ప్రోగ్రాము పేరు రాసే చోట ఒక చిన్న మాట కొట్టారు. చదివాను. కాలిక్యులేటర్. విండోస్ ఏది రాస్తే దాన్నే లేపుతుంది, ఎందుకని అడగదు.

"నొక్కప్పా."

లెక్కల పెట్టె లేచింది. పక్కవాడు నవ్వాడు. "చిలక కూడికలు చేస్తాంది మామా. పోయిన నీ ఓట్లు లెక్కేయమను."

పెద్దవాడు నవ్వలేదు. సార్ ముఖంలోకి చాలాసేపు చూసి లేచాడు. "మా పాపకు నువ్వే చదువు చెప్తాండావు సార్. పోతాండాం."

అతను నమ్మాడా, తెలిసే వదిలేశాడా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. ఒకసారి సార్‌నే అడిగాను. అదీ తెలుసుకోవాల్నా పాపా అన్నారు.

కాసేపటికి ఆమె వచ్చింది. సార్ కాలిక్యులేటర్ చెరిపి అసలు ప్రోగ్రాము రాశారు. "ఇంక ఈడికి రావద్దమ్మా. ఆయప్పను ఇప్పుడే ఆడినుంచి కదలమను," అన్నారు. ఆమె చిలకను నొక్కింది. ఆ మనిషి ఆ రోజే కదిలాడని, బతికే ఉన్నాడని తర్వాత విన్నాను.

ఆమె గొంతు తగ్గించి మాట్లాడుతున్నంతసేపూ సార్ పై మెట్టు దగ్గర మాకు వీపు తిప్పి నిలబడ్డారు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. చెయ్యి గోడకు ఆనించి ఉంది.