చంటిపిల్లతో, లేసు మూటతో నర్సాపురం

పెళ్లికి ముందు సరదాగా నేర్చుకున్న లేసు అల్లికే తరవాత నాకు వ్యాపారమైంది. రాజోలు దగ్గర మా ఊళ్లో ఆడవాళ్లకి దారం ఇచ్చి, వాళ్లు అల్లినది ఒక మధ్యవర్తికి అప్పజెప్పేదాన్ని. తొంభైల చివర్లో ఆయన ఆ పని మానుకున్నారు. ఇక సరుకు నేనే నర్సాపురం షావుకారుకి చూపించాలి, లేకపోతే అల్లిక ఆపెయ్యాలి. అప్పటికి మా పాప ఇంకా పాలు మానలేదు. మా ఆయనది కాకినాడలో ఉద్యోగం.

"చంటిపిల్లనేసుకుని గోదారి దాటి వ్యాపారమా?" అన్నారు అత్తగారు. అన్నవారే పొద్దున్నకల్లా గొడుగు పట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉన్నారు.

ఏడింటికి మా ఊళ్లో ఆర్డినరీ బస్సెక్కాం. ఈ దారిన వెళ్లేవాళ్లు పెందలాడే బయల్దేరడం మంచిది; ఎండెక్కితే గోదారి దాటించే పంటు మీద నీడ దొరకదు. బస్సు కిక్కిరిసి ఉంది. కిటికీ పక్కనున్న ఒక టీచరమ్మ జరిగి చోటిచ్చి, "మూట నాకివ్వండి, పాపని మీరెత్తుకోండి" అంది.

సఖినేటిపల్లి రేవులో ఇడ్లీ తిని పంటెక్కాం. స్కూటర్లు, సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాల మధ్య నిలబడ్డాం. ఇంజను మొదలవగానే పాప గుక్కపట్టింది. "బిడ్డకి భయం కాదమ్మా, ఆకలి" అంది పక్కనున్న చేపల బుట్టావిడ. అత్తగారు గొడుగు తెరిచి చాటు పట్టారు. పాలిస్తూనే నది దాటాను.

నర్సాపురంలో రిక్షా మీద కొట్టుకెళ్లాం. షావుకారు మూటలోని లేసు టేబుల్ క్లాత్ తిరగేసి మరీ చూశారు.

"పని బాగుందమ్మా. దసరాలోగా ఇలాంటివి అరవై కావాలి. ఇవ్వగలరా?"

ఒళ్లో నిద్రపోతున్న పాపని చూశాను. "ముప్పై అయితే ఇవ్వగలనండీ."

"ఆయ్, మీ ఇష్టం. మిగతావి పాలకొల్లు వాళ్లకి చెప్తాను."

హోటల్లో భోజనం చేసి తిరుగు రిక్షా ఎక్కాం. రేవులో దిగాక అత్తగారు అడిగారు.

"సగమే ఎందుకు ఒప్పుకున్నావు?"

"పాపతో అంత పని నావల్ల ఎలా అవుతుందండీ, అత్తయ్యగారూ?"

"నన్నొక్క మాట అడిగితే కదా! ఎండలో ఇంత దూరం ఎందుకొచ్చేననుకున్నావు?"

పంటు కదలబోతోంది. "ఇంకోటొస్తాదిలే" అని ఆవిడ మళ్లీ రిక్షా పిలిచారు.

కొట్లో ఆవిడే మాట్లాడారు. "మధ్యాహ్నాలు పిల్లని నేను చూస్తానండి. మీరు అరవయ్యీ మాకే ఇవ్వండి."

షావుకారు నవ్వారు. "ఆయ్, అలాగేనండీ. పాలకొల్లుకి ఇంకా కబురెట్టలేదు."

బయటికొచ్చాక అత్తగారు నాకు ఒక షరతు పెట్టారు. "దీపాలెట్టేక సూది ముట్టుకోకూడదు. ఆ వేళ పిల్లది."

దసరా ముందు సరుకంతా తీసుకుని నేనొక్కదాన్నే వెళ్లొచ్చాను. తిరుగు ప్రయాణంలో పంటు మీద ఒళ్లు తేలికైంది, బస్సులో కునుకు కూడా పట్టింది. మా ఊళ్లో దిగేసరికి ఎండ వాలింది. స్టాపు దగ్గర అత్తగారు పాపతో నిలబడి ఉన్నారు.

"పొద్దున్న నువ్వలా వెళ్లేవో లేదో, ఇది నడిచేసింది" అన్నారు.

తొలి అడుగులు నేను చూడలేదు. అత్తగారు వంగి పాప వేలు వదిలేశారు. ఖాళీ సంచీ రోడ్డు మీదే పడేసి, నేను చేతులు చాచి మోకాళ్ల మీద కూర్చున్నాను. పాప తూలుతూ, నవ్వుతూ నా వైపు నడిచింది.