ఆముదం పూసిన బ్రేకులు

మా మామగారికి చక్రం గురించి తెలియనిది లేదు. ఎడ్లబండి చక్రం. కారు చక్రం కూడా గుండ్రంగానే ఉంది కాబట్టి అదీ తెలుసని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీద నా ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని వేదాద్రి పోదామనుకున్నారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

అరవైల మొదట్లో మాట. మా ఆయన నందిగామ కోర్టులో ప్లీడరు, కాపురం జగ్గయ్యపేటలో. రోజూ పోయిరావడానికి ఒక పాత కారు కొన్నారు. ఏడాది తిరక్కుండానే బ్రేకులు నాలుగూ అరిగిపోయాయి. చక్రం డ్రమ్ముని లోపల్నించి ఒరుసుకుని ఆపే షూల మీది లైనింగు పోయి, రివెట్లు గీసుకుని డ్రమ్ముల్లో నాగటి చాళ్ళు పడ్డాయి. వేదాద్రి గుళ్ళో చంటివాడి పుట్టువెంట్రుకలకి ముహూర్తం దగ్గరపడింది. అక్కడ కృష్ణ రేవు వైపు దిగే వాలు సంగతి తెలుసు కాబట్టి, మా ఆయన బెజవాడ వెళ్ళి కొత్త డ్రమ్ములు, షూలు తెచ్చారు.

"నాలుగు నట్లు ఊడదీయడానికి మెకానిక్కెందుకురా?" అన్నారు మామగారు.

ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే తండ్రీకొడుకులు మొదలుపెట్టారు. చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, జాకీతో ఎత్తి, పాత డ్రమ్ముల్ని కొయ్యసుత్తితో తట్టి లాగారు. స్ప్రింగు తగిలించబోయి మా ఆయన వేలు నలగ్గొట్టుకున్నారు. కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నా చేతికిచ్చి, అరుగు మీద కూర్చుని చదివి చెప్పమన్నారు. బందరు కాలేజీలో ఫిజిక్సు చదివినందుకు ఆ ఇంట్లో నాకు దక్కిన గౌరవం అది. చెప్పాను. లైనింగుకి నూనె చుక్క తగలకూడదని రెండుసార్లు చెప్పాను. కొత్తలో కాస్త కీచుమన్నా వాడగా వాడగా సర్దుకుంటుందనీ చెప్పాను.

మధ్యాహ్నానికి బిగించి, వీధిలో నడిపి చూశారు. కారు ఠక్కున ఆగింది. కాని ఆగుతూ కీచుమంది. ఎదురింటాయన బయటికొచ్చి, "ఏం ప్లీడరుగారూ, పందిపిల్లనేమన్నా తొక్కించారా?" అన్నాడు.

మామగారి మొహం మాడిపోయింది. బండి కీచుమందంటే కందెన వేయడానికి బద్ధకించే ఇల్లని మా వైపు లెక్క.

నేను వంట ముగించుకుని వచ్చేసరికి చంటివాడి తలకి పెట్టే ఆముదం గిన్నె కనబడలేదు. వెతుక్కుంటూ వీధిలోకొస్తే కారు పక్కన ఉంది, ఖాళీగా. ఇద్దరూ మళ్ళీ నాలుగో చక్రం బిగిస్తున్నారు.

"ఆముదం దేనికి పూశారండీ మామయ్యగారూ?"

"షూలకే అమ్మాయ్. ఇప్పుడు అరవమను, చూద్దాం!"

"అయ్యో, షూ డ్రమ్ముకి ఒరుసుకుంటేనే కదండీ కారు ఆగేది! జారిపోతే ఎట్లా ఆగుద్ది?"

"నలభై ఏళ్ళ బట్టీ కందెన వేస్తున్నా. నువ్వా నాకు చక్రం గురించి చెప్పేది?"

"మీ కందెన బండి పోవడానికండీ. ఇది ఆగడానికి!"

మా ఆయన వైపు చూశాను. పొద్దుట నేను చదివినదంతా విన్న మనిషి. నట్టు వైపే చూస్తూ, "నాన్నకి అనుభవం ఉందిగా..." అని నసిగారు. పెద్దాయనకి తెలియదు, పోనిద్దాం. తెలిసీ నోరు కట్టేసుకున్న ఈ లా పట్టాని ఏమనాలి? ఊళ్ళోవాళ్ళ తరఫున గంటలు గంటలు వాదించే మనిషికి కన్నబిడ్డల తరఫున ఒక్క ముక్క పెగల్లేదు.

"ఏవండీ, మన వీధి వాలులో మీరొక్కరే దిగి ఆపి చూపించండి. ఆగిందా, పిల్లల్ని ఎక్కిస్తా. లేదంటే ఎక్కించను."

"శుభమా అని బయల్దేరబోతుంటే ఆ మాటలేంటమ్మాయ్?" అన్నారు మామగారు.

నేను కదల్లేదు. చివరికి మా ఆయన ఎక్కారు. కారు అరవలేదు. ఆగనూ లేదు. హారను మోగించుకుంటూ వాలంతా దిగి, కింద ఉన్న ఎదురింటాయన గడ్డివామిలో ముక్కు దూర్చింది. మనిషికి ఏమీ కాలేదు.

"పందిపిల్ల నోరు మూసిందండోయ్!" అన్నాడు ఎదురింటాయన.

నూనె పీల్చిన లైనింగు ఇక పనికిరాదు. మర్నాడు ఎడ్లబండి కట్టారు. ఇరుసుకి మామగారే దగ్గరుండి కందెన పట్టించారు, కిర్రుమనలేదు. ఆయన మాత్రం దారిపొడుగునా, ఎదురైన వాళ్ళందరికీ, "మా కోడలికి కారంటే భయమండి, అందుకని బండి కట్టాల్సొచ్చింది" అని చెబుతూ వచ్చారు. పక్కన నడుస్తున్న మా ఆయన అప్పుడూ నాన్న మాటకి తలూపుతూనే ఉన్నారు.

మూడోసారి ఆ మాట వినేసరికి నేను ఊరుకోలేదు. చంటివాణ్ణి ఒళ్ళో సర్దుకుని, తల బయటికి పెట్టి అన్నాను:

"భయం కాదండీ. వేదాద్రి రేవులో గడ్డివామి లేదు, అందుకని!"