తాబేలు అడ్డమొచ్చింటాది

ఆ రోజుల్లో మా ఆళ్లగడ్డ వాళ్లకు నీళ్లంటే కాలువ నీళ్లే. పైన ఎవరో వదిలితే వస్తాయి, కట్టేస్తే ఆగుతాయి, రాకపోతే తిట్టుకోవడానికి కాలువ తూములు చూసే లష్కరు ఒకడు ఉంటాడు. ఆ తిట్లు తినే ఉద్యోగం మా చిన్నాయనది. నేను నంద్యాలలో జంతుశాస్త్రం చదివి (కప్పను కోశానన్న గర్వం తప్ప వేరే సరుకు లేదు) మొదటి ఉద్యోగంలో చేరితే, అది కాస్తా సముద్రం ఒడ్డున పడింది. ఇంటర్నెట్ తీగ సముద్రం అడుగున వచ్చి ఒడ్డెక్కే చోట తాబేళ్లు గుడ్లు పెడతాయట. రక్షిత ప్రాంతం కాబట్టి, తీగ కోసం తవ్వే కందకం వాటి గూళ్ల మీదుగా పోకూడదు. గూళ్లు వెతికి, నీటి అంచుకు ఎంత దూరంలో ఉన్నాయో కొలవడం నా పని. సరిగా చేస్తే ఉద్యోగం నిలుస్తుంది, లేదంటే తిరుగు బస్సే. పిల్లను ఒంటరిగా పంపనని నాయన పట్టుబడితే, చిన్నాయన సెలవు పెట్టి తోడొచ్చాడు.

ఇద్దరం సముద్రాన్ని చూడటం అదే మొదలు. చిన్నాయన చెప్పులు విప్పి చేత పట్టుకుని, నీళ్ల మీదుగా అవతలికి తేరిపార చూశాడు. చివరికి "అవతలి గట్టు యాడుంది పాపా?" అన్నాడు. కనపడదన్నాను. కాస్త కోపంగానే చూశాడు.

"కొలతంటే ముందు రాయి పాతాల. రాయి లేని కొలత కొట్లాటకే" అని ఆయనే తడి అంచున ఒక రాయి తెచ్చి, మా వైపు పొలం హద్దుకు పాతినట్టే పాతి, మడమతో తొక్కాడు. పొద్దున్నంతా ఆ రాయి నుంచే కొలిచాం. అన్నం తిని వచ్చేసరికి రాయి లేదు. అది ఉన్న చోట అలలు ఆడుకుంటున్నాయి.

"ఎవురప్పా ఈ నీళ్లు ఇడిసింది? ఒక మాట చెప్పి ఇడసకూడదా?" అని చిన్నాయన, వల బాగుచేసుకుంటున్న ముసలాయన మీదికి వెళ్లాడు.

"ఎవరూ వదల్లేదండి. పోటొచ్చిందండి. రోజూ వస్తుంది, పోతుంది."

"లష్కరు లేకుండానా?"

చిన్నాయన ఇసుకలో కూలబడ్డాడు. తూము తలుపులు తిప్పీ తిప్పీ చేతులు కాయలు కాచిన మనిషి, ఎవరూ తిప్పకుండానే కదిలే అన్ని నీళ్లను చూసి దండం పెట్టాడు. (ఆటుపోట్ల పాఠం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న నేను ఆయన పక్కనే కూర్చున్నాను.)

సాయంత్రం నన్ను పనిలో పెట్టుకున్న సారు వచ్చి తల పట్టుకున్నారు. "నీళ్లు వెనక్కి పోయినప్పుడు కొలిస్తే ఏం లాభమమ్మా? పోటు ఎంతదాకా వస్తుందో అక్కణ్ణుంచి కొలవాలి. రేపటికి కాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాను."

తెల్లవారుతూనే, పోటు వదిలిన తడిగీత వెంట నడిచాం. కందకం తవ్వబోయే చోట సారు నాటిన ఎర్రజెండా ఉంది. సరిగ్గా దాని పక్కన ఇసుక కదిలింది. ముందొక తల, తర్వాత గుప్పెడు తలలు, తర్వాత లెక్కే లేదు. నేను గుర్తించని గూడు అది. అరచేతిలో పట్టే పిల్లలు, పుట్టీ పుట్టగానే అంత సముద్రం వైపు బిరబిరా నడిచాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఈటికి దోవ ఎవురు చెప్పినారు పాపా?" అంటూ చిన్నాయన, కాకులు రాకుండా తువ్వాలు తిప్పుతూ చివరి పిల్ల నీళ్లలో దిగేదాకా కాపలా కాశాడు. ఎప్పుడొచ్చారో సారు మా వెనకే నిలబడి ఉన్నారు. జెండా పీకి చంకన పెట్టుకుని, ఒడ్డు వెంట చాలా దూరం నడిచి వెళ్లి, గూళ్లు లేని చోట నాటారు. తడిగీత నుంచి కొలతలన్నీ ఆ రోజే ముగించాం, నా ఉద్యోగం నిలిచింది.

తర్వాత నంద్యాల ఇంటర్నెట్ సెంటర్లో నా రిపోర్టు ఎంతకీ పోక కంప్యూటర్ను తిడుతుంటే, పక్క కుర్చీలోంచి చిన్నాయన అనేవాడు: "తిట్టాకు. తాబేలు అడ్డమొచ్చింటాది. పోనీ దాన్ని."

చిన్నాయన లేడిప్పుడు. ఫోన్లో బొమ్మ ఆగితే మా పిల్లలు విసుక్కుంటారు. జుట్టు నెరిసిన ఈ జంతుశాస్త్రజ్ఞురాలు మాత్రం, ఎవరూ చూడకుండా చెప్పులు విప్పి, ఆ తాబేలు దాటేదాకా ఆగుతుంది.