గంప తరుగు

పొట్ట మీద పాత ఆపరేషన్ కుట్టు దగ్గర పేగు పొడుచుకొచ్చి కొబ్బరికాయంత అయ్యేదాకా నేను డాక్టరు ముఖం చూడలేదు. మైపాడులో బట్టలు కుట్టుకుని బతుకుతాను. బాగా లావు మనిషిని. మొగుడు పోయి ఆరేళ్లు, పిల్లలు లేరు. అడిగేవాళ్లు లేని ఇంట్లో జబ్బు కూడా తీరిగ్గా పెరుగుతుంది.

"హెర్నియా అమ్మా. వంద కేజీలకు దిగి రా, చేస్తాం. ఇప్పుడు చేస్తే కుట్లు నిలవవు" అన్నాడు నెల్లూరు డాక్టరు. బిగదీసి కూరిన దిండుకు కుట్టు వేస్తే గుడ్డే చిరుగుతుందని నాకు తెలియనిదా! అప్పుడు నేను నూట పద్దెనిమిది. ఈలోగా పేగు మెలిపడితే ప్రాణానికే ముప్పట. ఒంటరిగా తలుపు గడియ వేసుకోవాలంటే భయం పట్టుకుంది.

ఊళ్లో నన్ను మోయగల కాటా ఒక్కటే, రేవులో చేపలు తూచేది. ఆదివారం పొద్దున వేలం ముగిశాక ఎక్కేదాన్ని. తూచే అతను అంకె గట్టిగా చదివేవాడు.

"కేజీ తగ్గినావక్కా! ఏం తింటా ఉండావు?"

వారం మొత్తంలో ఏం తిన్నావని నన్ను అడిగే మనిషి అతనొక్కడే. రాగిజావ, మజ్జిగ, ఉడికించిన చేప అంటూ పంతులుకు పాఠం అప్పజెప్పినట్టు చెప్పేదాన్ని.

ఏడో నెలలో "వంద" అన్నాడు. సంబరంగా బస్సెక్కాను. ఆసుపత్రి మిషను నూట మూడు చూపింది. ఇంకో మూడు తగ్గి రమ్మని నర్సు తిప్పి పంపింది. వచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాను. సగం దారిలో తట్టింది. ఏది తూచినా చేపల గంప బరువు పోవాలని, గంప తరుగు కింద మూడు కేజీలు తీసేసి చదవడం అతని అలవాటు. గంప లేకుండా నిలబడ్డ నాకూ తీసేశాడు మహానుభావుడు! మొదటి వారమే మూడు కేజీలు తగ్గానని మురిసిన వెర్రిదాన్ని నేను.

కడిగేద్దామనే బస్సు దిగాను. "డేటు ఇచ్చినారా అక్కా?" అని అతనే ఆత్రంగా ఎదురొచ్చాడు. నిజం చెబితే నొచ్చుకుంటాడు, మళ్లీ నన్ను తూచడానికి జంకుతాడు. "ఇంకో నెల ఆగమన్నారు నాయనా" అన్నాను. అప్పట్నుంచి అతను చదివిన అంకెకు మనసులో మూడు కలుపుకున్నాను.

చివరికొక ఆదివారం "తొంభై ఏడు!" అని అరిచాడు. "పోయి చేయించుకో అక్కా. ఇంక నీకీ కాటాతో పన్లేదు."

నాకు దిగబుద్ధి కాలేదు. "ఇంకోసారి చూడు నాయనా" అన్నాను.

ఆపరేషన్ బాగా అయింది. కుట్లు నిలిచాయి. ఆదివారాలే గడవడం లేదు.